కోల్‌కతా పాత ట్రక్కులు: ఛాసిస్ ఫలకం నుంచి కర్మాగారం దాకా ఉత్పత్తి చరిత్ర

కోల్‌కతా: ఏటా శీతాకాలంలో 'ది స్టేట్స్‌మన్' పత్రిక కోల్‌కతాలో నిర్వహించే పాతకాలపు మోటారు వాహనాల ప్రదర్శనలో రోల్స్ రాయిస్, ఆస్టిన్, ఫియట్ వాహనాలు బారులు తీరుతాయి. వాటిలో అధికభాగం కార్లే. ఇదే నగరపు రేవులకు జనుము బేళ్ళను, బొగ్గును, బియ్యం బస్తాలను దశాబ్దాల పాటు మోసిన లారీలు, పికప్ ట్రక్కులు అక్కడ అరుదు. కారును యజమాని వంశ గౌరవంగా దాచుకున్నాడు. ట్రక్కును అరిగిపోయేదాకా నడిపి, చివరకు తుక్కు కింద తూకానికి అమ్మాడు.

అందువల్ల నేడు మిగిలిన ఒక పాత ట్రక్కు ఎక్కడ పుట్టింది, ఏ సంవత్సరంలో తయారైంది అని నిర్ధారించడం అదే కాలపు కారు విషయంలో కంటే కష్టం. 2021లో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు వాహనాలకు ప్రత్యేక నమోదు విధానాన్ని తెచ్చిన తరువాత ఇది అభిరుచిపరుల కాలక్షేపంగా మాత్రమే మిగల్లేదు. పుట్టుక తేదీకి రుజువు ఉన్న వాహనం వారసత్వ సంపద. రుజువు లేనిది కాలం చెల్లిన ఇనుము.

పికప్ అనే మాట

వెనుక తెరిచిన సామాను తొట్టి, ముందు చిన్న క్యాబిన్ గల తేలికపాటి వాహనానికి 'పికప్' అనే పేరు అమెరికాలో స్థిరపడింది. ఫోర్డ్ సంస్థ 1917లో ఒక టన్ను మోసే 'మోడల్ టీటీ' ఛాసిస్‌ను విడుదల చేసింది. సామాను తొట్టిని కర్మాగారంలోనే అమర్చి, పికప్ పేరుతో 'మోడల్ టీ' వాహనాన్ని 1925లో అమ్మకానికి పెట్టింది. దాని ధర 281 డాలర్లు. భారతదేశంలో ఈ విభజన అంత స్పష్టంగా ఎన్నడూ లేదు. ఒక టన్ను బండి అయినా, అయిదు టన్నుల బండి అయినా జనం నోట లారీయే. పాత నమోదు పత్రాల్లోనూ 'సరకు వాహనం' అన్న రాతే ప్రధానం. కాబట్టి ఇక్కడి పికప్ చరిత్రను వెతికేవారు లారీల చరిత్రను కూడా కలిపే చదవాలి.

డెట్రాయిట్ కాదు, కెనడా

1930ల నాటి ఫోర్డ్ లేదా షెవ్రొలే ట్రక్కు కోల్‌కతాలో కనిపిస్తే అది అమెరికా నుంచి వచ్చిందని చాలామంది భావిస్తారు. వాస్తవానికి అనేక సందర్భాల్లో దాని పుట్టిల్లు కెనడా. బ్రిటిష్ దీవులు మినహా సామ్రాజ్యంలోని ఇతర దేశాల విపణి 1904లో స్థాపితమైన ఫోర్డ్ కెనడా సంస్థకు దక్కింది. భారతదేశంలో ఫోర్డ్ శాఖ 1926లో ఏర్పడినది కూడా ఆ కెనడా సంస్థకు అనుబంధంగానే. బొంబాయి, మద్రాసులతో పాటు కలకత్తాలోనూ ఆ సంస్థ బళ్ళు బిగించేది. జనరల్ మోటార్స్ 1928లో బొంబాయిలో బిగింపు ప్రారంభించింది. సామ్రాజ్య దేశాలకు కావలసిన కుడిచేతి స్టీరింగు వాహనాలను ఆ సంస్థ కెనడాలోని ఒషావా కర్మాగారం నుంచి పంపేది.

భాగాలు పెట్టెల్లో ఓడ మీద వచ్చేవి. ఇక్కడ వాటిని విప్పి, బిగించి, రంగు వేసి అమ్మేవారు. ట్రక్కుల విషయంలో మరొక మెలిక ఉంది. కొనుగోలుదారు చాలాసార్లు ఇంజను, బానెట్, ముందు అద్దపు చట్రం దాకా ఉన్న ఛాసిస్‌ను మాత్రమే తీసుకునేవాడు. క్యాబిన్‌ను, సామాను తొట్టిని స్థానిక వడ్రంగులు, కమ్మరులు టేకుతోనో సాలుతోనో కట్టేవారు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టించుకున్న తెలుగు యజమానులకు ఈ పద్ధతి బాగా పరిచితమే. దీనివల్ల ఒకే నెలలో ఒకే కర్మాగారం నుంచి వచ్చిన రెండు ట్రక్కులకు రెండు ముఖాలు ఉండవచ్చు. క్యాబిన్ ఆకారాన్ని చూసి తయారీ సంవత్సరం చెప్పడం ప్రమాదకరం.

యుద్ధం వదిలివెళ్ళిన బళ్ళు

రెండో ప్రపంచయుద్ధంలో కలకత్తా, బర్మా రంగానికి ప్రధాన సరఫరా కేంద్రమైంది. రేవుల్లో దిగిన సైనిక ట్రక్కులు అస్సాం వైపు, 1945 జనవరిలో తెరుచుకున్న లెడో రహదారి మీదుగా చైనా వైపు సాగాయి. కెనడా ఒక్కటే ఆ యుద్ధకాలంలో 8 లక్షలకు పైగా సైనిక వాహనాలను ఉత్పత్తి చేసింది. వాటిలో ఫోర్డ్, షెవ్రొలే సంస్థలు ఒకే నమూనాను అనుసరించి తయారుచేసిన మొండి ముక్కు ట్రక్కులు భారతదేశానికి పెద్దసంఖ్యలో వచ్చాయి. ఇంజను భాగం దాదాపు క్యాబిన్ కిందికి చొచ్చుకుపోయి, ముఖం చదునుగా ఉండటం వీటి గుర్తు.

యుద్ధం ముగిశాక మిగులు వాహనాలను ప్రభుత్వం 'డిస్పోజల్స్' పేరిట విక్రయించింది. మన పెద్దల మాటల్లో వినిపించే 'డిస్పోజల్ బండి' అదే. ఒకసారి పౌరుల చేతికి వచ్చాక వాటి సైనిక రంగు పోయింది, తొట్టి మారింది, పేరు కూడా మారింది. ఇక్కడ తేదీల చిక్కు ఒకటి ఉంది. 1943లో కెనడాలో తయారైన ట్రక్కు కలకత్తా రవాణా కార్యాలయంలో తొలిసారిగా 1947లోనో ఆ తరువాతో నమోదై ఉండవచ్చు. ఆర్‌సీ పుస్తకంలోని సంవత్సరాన్నే జన్మ సంవత్సరంగా తీసుకుంటే నాలుగైదేళ్ళు తప్పుతాయి. పోయిన పుస్తకానికి బదులుగా నకలు తీసుకున్నప్పుడు ఈ తేడా ఇంకా పెరిగే వీలుంది.

ఉత్తరపారా

కోల్‌కతా వాహన చరిత్రకు మూలస్థానం నగరం లోపల లేదు. హుగ్లీ నది పడమటి ఒడ్డున, హావ్‌డా–బర్ధమాన్ ప్రధాన రైలు మార్గంలో 'హింద్ మోటార్' అనే స్టేషన్ ఉంది. కర్మాగారం పేరే ఆ స్టేషన్ పేరైంది. బ్రజ్‌మోహన్ బిర్లా 1942లో స్థాపించిన హిందుస్థాన్ మోటార్స్ మొదట గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో చిన్న బిగింపు కేంద్రంతో ప్రారంభమై, 1948లో ఉత్తరపారాకు తరలివచ్చింది.

ఈ సంస్థ పేరు వినగానే తెలుగు పాఠకుడికి అంబాసిడర్ గుర్తుకు రావడం సహజం. మోరిస్ టెన్ ఆధారిత హిందుస్థాన్ టెన్, ఆ తరువాత హిందుస్థాన్ ఫోర్టీన్, 1954లో ల్యాండ్‌మాస్టర్, 1957–58లో అంబాసిడర్ అన్న వరుసను కార్ల అభిమానులు కంఠతా చెబుతారు. అదే ప్రాంగణంలో జరిగిన ట్రక్కుల పని మాత్రం ఈ కథనాల్లో ఒక వాక్యానికి మించదు. అమెరికా సంస్థ స్టూడిబేకర్ వాహనాలను ఇక్కడ తొలిదశలో బిగించారు. ఆపైన వచ్చిన బెడ్‌ఫర్డ్ ఈ కర్మాగారపు ట్రక్కుగా నిలిచింది.

ఆ మార్పుకు కారణం ప్రభుత్వ విధానం. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సులను అనుసరించి, భాగాలను క్రమంగా దేశంలోనే తయారుచేసే ప్రణాళిక ఉన్న సంస్థలకే భవిష్యత్తు ఉంటుందని కేంద్రం తేల్చింది. పెట్టెల్లో తెచ్చి బిగించి అమ్మే పద్ధతికి అది ముగింపు. ఫోర్డ్, జనరల్ మోటార్స్ దేశంలో బిగింపు పనిని మూసివేశాయి. 1954లో బొంబాయి కేంద్రాన్ని ముగించిన జనరల్ మోటార్స్, తన బ్రిటిష్ శాఖ వాక్స్‌హాల్‌కు చెందిన బెడ్‌ఫర్డ్ ట్రక్కుల కోసం హిందుస్థాన్ మోటార్స్‌తో ఒప్పందాల ద్వారా భారత్‌లో తన ఉనికిని కొనసాగించింది. ఒకవైపు తలుపు మూసి, మరోవైపు కిటికీ తెరిచి ఉంచుకోవడం వంటిది ఇది.

బెడ్‌ఫర్డ్ వంశవృక్షం ఆసక్తికరం. 1931లో ఇంగ్లండ్‌లోని లూటన్‌లో పుట్టిన ఈ పేరుకు మాతృక, అంతకుముందు అక్కడ బిగించిన షెవ్రొలే ట్రక్కే. 1958లో బెడ్‌ఫర్డ్ 'టీజే' శ్రేణి వచ్చింది. గుండ్రని బానెట్, దానికి ఇరువైపులా ఉబ్బిన రెక్కలు, నడుమ వెడల్పాటి జాలీ దీని రూపు. ఈ శ్రేణిలో 'జే' అక్షరం తరువాతి అంకె పెరిగేకొద్దీ బరువు మోసే స్థాయి పెరుగుతుంది. జే0 కారు ఇంజనుతో నడిచే తేలికపాటి పికప్, జే6 భారీ లారీ. బ్రిటన్‌లో 1960లో వచ్చిన చదును ముఖపు 'టీకే' శ్రేణి దీనిని పక్కకు నెట్టింది. అయినా ఎగుమతి దేశాలకు టీజే తయారీ దశాబ్దాల పాటు సాగింది. ఉత్తరపారా బెడ్‌ఫర్డ్‌లు ఈ టీజే కుటుంబానివే.

పరిశీలకుడికి ఇక్కడొక హెచ్చరిక అవసరం. లూటన్‌లో ఒక నమూనా ఆగిపోయిన సంవత్సరం ఉత్తరపారాలో అది ఆగిపోయిన సంవత్సరం కాదు. బ్రిటిష్ గ్రంథాల్లోని కాలపట్టికను ఇక్కడి వాహనానికి అతికిస్తే 1970ల బండి 1950ల బండిగా మారిపోతుంది. అంబాసిడర్ విషయంలో ఈ సంగతి అందరికీ తెలుసు. బ్రిటన్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కథ 1959లో ముగియగా, దాని భారతీయ రూపం 2014 దాకా తయారైంది. ట్రక్కుల విషయంలో అదే జాగ్రత్తను ఎందుకు మరుస్తారో బోధపడదు.

అంబాసిడర్ ఇంజనుతో సామాను బండి

బ్రిటన్‌లో మోరిస్ సంస్థ తన కార్ల ఆధారంగా కౌలీ పేరుతో వ్యాన్లు, పికప్‌లు 1950 నుంచే తయారుచేసింది. అంబాసిడర్‌ను అదే రీతిలో మలచడం అంత సులభం కాదు. ఆ కారుకు విడిగా నిచ్చెన చట్రం లేదు. ఇనుప రేకుల శరీరమే చట్రంగా బరువు మోస్తుంది. వెనుక భాగాన్ని కోసి తొట్టి పెడితే శరీరపు బలమే సడలుతుంది. నేడు అక్కడక్కడ కనిపించే 'అంబాసిడర్ పికప్'లలో స్థానిక షెడ్లలో కోసి అతికినవి ఉంటాయి. వెనుక చక్రాల పైభాగంలో వెల్డింగు అతుకులు, అదనపు ఇనుప పట్టీలు కనిపిస్తే ఆ అనుమానం సబబే.

ఈ చిక్కుకు కర్మాగారం ఇచ్చిన సమాధానం 1977లో వచ్చిన ట్రెక్కర్. అంబాసిడర్ ఇంజనునే దానికి అమర్చారు. 1,489 సీసీ సామర్థ్యం గల ఆ పెట్రోలు ఇంజను అంబాసిడర్‌లోకి 1959 ప్రాంతంలో ప్రవేశించింది. తరువాత ట్రెక్కర్‌కు డీజిలు ఇంజను కూడా వచ్చింది. పక్కలు తెరిచిన సాదా శరీరం, గుడ్డ పైకప్పు. పల్లె రోడ్ల కోసం రూపొందించిన ఈ వాహనం పశ్చిమ బెంగాల్, ఒడిశాల్లో ఎంతగా పాతుకుపోయిందంటే, షేరు జీపు ఏ సంస్థదైనా జనం దాన్ని ట్రెక్కర్ అనే పిలిచారు. అంబాసిడర్ యంత్రభాగాలతోనే 'పోర్టర్' అనే సామాను వాహనం కూడా ఇదే సంస్థ నుంచి వచ్చింది. 2000ల చివర్లో చైనా సంస్థ షిఫెంగ్ తోడ్పాటుతో 'విన్నర్' అనే చిన్న ట్రక్కును తెచ్చారు కానీ, 2005లో వచ్చిన టాటా ఏస్ అప్పటికే ఆ విపణిని ఆక్రమించింది. బెంగాలీలు 'ఛోటో హాతీ' అని ముద్దుగా పిలిచే బండి అదే.

2014 మే 24న ఉత్తరపారాలో పని నిలిపివేత ప్రకటించారు. 314 ఎకరాలు అంతకుముందే గృహనిర్మాణ సంస్థకు అమ్ముడయ్యాయి. 2017లో అంబాసిడర్ పేరు 80 కోట్ల రూపాయలకు ఫ్రెంచి సంస్థ ప్యూజో పరమైంది. పేరుకు కొనుగోలుదారు దొరికాడు. బెడ్‌ఫర్డ్, ట్రెక్కర్ యజమానులకు మాత్రం భాగాల సంఖ్యలను సరిచూసుకునేందుకు తట్టగలిగిన కర్మాగార ద్వారం మూతపడింది.

ఇనుము చెప్పే సాక్ష్యం

కర్మాగారం మూతపడినప్పుడు వాహనమే దస్తావేజు. మొదట చూడవలసింది ఛాసిస్ సంఖ్య. అది రెండు చోట్ల ఉండాలి: ఇంజను గదిలోనో క్యాబిన్ గోడ మీదో బిగించిన ఫలకం ఒకటి, చట్రపు ఇనుప దూలం మీద నేరుగా కొట్టిన ముద్ర రెండోది. ఫలకాన్ని ఊడదీసి వేరే బండికి బిగించవచ్చు. చట్రం మీది ముద్రను మార్చడం కష్టం. రెండూ సరిపోలకపోతే ముద్రకే విలువ. తుప్పును ఇసుక కాగితంతో గట్టిగా రుద్దితే ముద్ర చెరిగిపోతుంది. కిరోసిన్‌తో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో శుభ్రపరచి, పలుచని కాగితం పెట్టి పెన్సిలుతో రాసి అచ్చు తీయడం మేలు. రవాణా కార్యాలయాలు కూడా ఇదే రీతి పెన్సిలు అచ్చును అడుగుతాయి.

ఇంజను సంఖ్య ఆ తరువాతిది. దాన్ని అనుమానంతోనే చదవాలి. పెట్రోలు ధర భరించలేని యజమానులు పాత అమెరికన్ ట్రక్కుల్లో ఇంజను తీసి డీజిలు ఇంజను వేయించడం ఒకనాడు సర్వసాధారణం. మద్రాసులోని సింప్సన్ సంస్థ 1950ల నుంచి తయారుచేసిన పెర్కిన్స్ ఇంజన్లు ఇందుకు బాగా ఉపయోగపడ్డాయి. బానెట్ మీద షెవ్రొలే అని, లోపల పెర్కిన్స్ అని ఉంటే అది మోసం కాదు, ఆనాటి బతుకుతెరువు.

అసలు ఇంజను మిగిలి ఉంటే మాత్రం పోత ఇనుము మీది గుర్తులు విలువైన ఆధారం. జనరల్ మోటార్స్ పోత భాగాలపై తేదీని సంకేతంగా వేసేది. ఆంగ్ల అక్షరాల్లో 'ఏ' జనవరి, 'బీ' ఫిబ్రవరి, ఆ వరుసలో 'ఎల్' డిసెంబరు. తరువాతి అంకెలు రోజును, సంవత్సరపు చివరి అంకెను సూచిస్తాయి. ఉదాహరణకు 'కే 12 9' అంటే నవంబరు 12, సంవత్సరం 9తో ముగుస్తుంది. 1939నా, 1949నా అన్నది ఇంజను నమూనా చూసి తేల్చుకోవాలి. ఇంజను దిమ్మ, సిలిండర్ హెడ్, గేరు పెట్టె మూడింటి మీదా తేదీలు కొద్ది వారాల తేడాతో దగ్గరగా ఉంటే ఆ భాగాలు కలిసి పుట్టినవని నమ్మవచ్చు. కెనడాలో తయారైన ఫోర్డ్ మోడల్ టీ ఇంజన్ల సంఖ్యలు 'సీ' అక్షరంతో మొదలవుతాయి. ఈ ఒక్క అక్షరం బండి ఏ దేశపుదో చెప్పేస్తుంది.

నమోదు సంఖ్య పుట్టుకను చెప్పదు, ప్రయాణాన్ని చెబుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 1989 జూలై 1న అమల్లోకి రాకముందు బెంగాల్ వాహనాలకు 'డబ్ల్యూ'తో మొదలయ్యే మూడక్షరాల వరుసలు, వాటి వెంట నాలుగంకెల దాకా సంఖ్యలు ఉండేవి. ఆ తరువాత 'డబ్ల్యూబీ 01' వంటి జిల్లా సంకేతాలు వచ్చాయి. ఒక వాహనం మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడ కొత్త గుర్తు తీసుకోవాలి. మద్రాసు రహదారి మీద తిరిగి, ఏ రాజమండ్రిలోనో స్థిరపడి 'ఏపీ' గుర్తు పొందిన ఉత్తరపారా ట్రక్కులకు అందుకే రెండు జీవితాలు. పాత రాష్ట్రం ఇచ్చిన నిరభ్యంతర పత్రం దొరికితే రెండింటి మధ్య వంతెన దొరికినట్లే. కోల్‌కతాలో ఈ వెతుకులాట బేల్‌తలాలోని రవాణా కార్యాలయం దగ్గర మొదలవుతుంది.

విడిభాగాల కోసం చాలామంది మల్లిక్ బజారు దారి పడతారు. పాత వాహనాలను విప్పి అమ్మే ఆ వీధుల్లో బెడ్‌ఫర్డ్ జాలీ దొరకవచ్చు, ఫలకాలు కూడా దొరకవచ్చు. జాలీ కొనడంలో తప్పులేదు. వేరే బండి ఛాసిస్ ఫలకం కొని తగిలించుకోవడం చరిత్రను చెరపడమే కాదు, చట్టరీత్యా నేరం కూడా.

చట్టం ఏమంటోంది

కలకత్తా హైకోర్టు 2008 జూలైలో ఇచ్చిన ఆదేశం మేరకు, 1993 జనవరి 1కి ముందు నమోదైన వాణిజ్య వాహనాలను కోల్‌కతా మహానగర ప్రాంతంలో నిషేధించారు. 2009 ఆగస్టు నుంచి అది అమలైంది. 2022 జూలైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 15 ఏళ్ళు దాటిన వాహనాలను కోల్‌కతా, హావ్‌డాల నుంచి తొలగించాలని మరోమారు ఆదేశించింది. ఈ నగర వాసుల ఊపిరితిత్తుల దృష్ట్యా ఈ ఆదేశాలను తప్పుపట్టలేం. అయితే కాలుష్యం కక్కే 1991 నాటి లారీకి, ఏడాదికి నాలుగుసార్లు బయటికి వచ్చే 1949 నాటి పికప్‌కు తేడా చూపే ఏర్పాటు 2021 దాకా చట్టంలో లేదు.

2021 జూలైలో కేంద్ర రహదారి రవాణా శాఖ సవరించిన నియమాల ప్రకారం, తొలి నమోదు నుంచి 50 ఏళ్ళు దాటి, మూలరూపంలో ఉండి, ఛాసిస్, శరీరం, ఇంజనుల్లో గణనీయమైన మార్పులు లేని ద్విచక్ర, చతుర్చక్ర వాహనాలను 'వింటేజ్'గా నమోదు చేయవచ్చు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు. నమోదు 10 ఏళ్ళు చెల్లుతుంది. సంఖ్యా ఫలకంపై రాష్ట్ర సంకేతం తరువాత 'వీఏ' అక్షరాలు ఉంటాయి. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల వంటి అవసరాలకే రోడ్డెక్కాలి. రోజువారీ తిరుగుడుకు, వ్యాపారానికి వాడరాదు.

ట్రక్కు యజమానికి చిక్కు ఇక్కడే. 2020 నవంబరులో వెలువడిన ముసాయిదాలో చతుర్చక్ర వాహనాలను 'ఎమ్1' వర్గంగా పేర్కొన్నారు. అది ప్రయాణికుల కార్ల వర్గం. సరకు వాహనాలు 'ఎన్' వర్గంలోకి వస్తాయి. నియమాలు రాసినవారి కళ్ళెదుట ఉన్నది కారేనని దీన్నిబట్టి అర్థమవుతుంది. పైగా ట్రక్కులు జీవనోపాధి కోసమే పుట్టాయి కనుక వాటిలో ఇంజను మారనివి, తొట్టి మార్చనివి అరుదు. దరఖాస్తుకు ముందు ఆర్‌సీలో వాహన వర్గం ఏమని ఉందో, ఛాసిస్ ముద్ర ఏమని ఉందో సరిచూసుకోవడం అవసరం.

సంస్థల చేతిలో ఉన్న వాణిజ్య వాహనాలకు కొంత మెరుగైన గతి పట్టింది. నిజాం రాష్ట్ర రవాణా విభాగం 1932లో 27 బస్సులతో ప్రారంభమైనప్పటి ఆల్బియన్ బస్సు 'డెక్కన్ క్వీన్'ను హైదరాబాద్‌లో ఆర్టీసీ పదిలపరిచింది. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో 1980లలో తయారై, 1989లో మహీంద్రా పరమైన ఆల్విన్ నిస్సాన్ తేలికపాటి ట్రక్కులకు అటువంటి సంరక్షకుడు ఇంకా దొరకాలి.

ఉత్తరపారా తొలి ట్రెక్కర్లకు 2027 నుంచి 50 ఏళ్ళు నిండుతాయి. వాటిలో నేటికీ నిలిచి ఉన్నవాటి యజమానులు ఆలోగా చేయగల పని చిన్నదే: చట్రం మీది ముద్రకు అచ్చు తీయడం, తొలి నమోదు తేదీ గల పత్రాన్ని సంపాదించడం, అసలు ఇంజనును తుక్కు వ్యాపారికి ఇవ్వకుండా షెడ్డులో ఒక మూల ఉంచడం.